"మీ ఇష్టం ఆంటీ"

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నల్లకుంటలో మా వీధి చివర పచ్చళ్ళూ పొడులూ చేసి అమ్మే ఆవిడ ఇంటి వరండాలో కూర్చున్నాం, నేనూ, అప్లయిడ్ ఆర్ట్ అనే డిజైన్ కోర్సు ఫైనలియర్ చదువుతున్న ఒక అమ్మాయీ. ఆవిడకి పన్నెండు రకాల సీసాలకి కొత్త లేబుళ్ళు కావాలి. అరగంట మాట్లాడుకున్నాక ఆవిడే అడిగారు, "అయితే నీకెంత ఇమ్మంటావమ్మా?" అని. ఆ అమ్మాయి తల దించుకుని, గొంతు బాగా తగ్గించి, "మీ ఇష్టం ఆంటీ" అంది.

ఆవిడ లోపలికెళ్ళి ఐదు వందల నోటు, ఒక మాగాయ సీసా తెచ్చి ప్రేమగా చేతిలో పెట్టబోయారు. పన్నెండు లేబుళ్ళకి. మూడు వారాల పనికి. ఆవిడని నేను ఒక్క మాట కూడా అనను, ఎందుకంటే డిజైన్‌కి ఎంత అవుతుందో ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు, ఆ అమ్మాయికి కూడా నాలుగేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నేను మధ్యలో కల్పించుకుని, "ఒక వారం టైమివ్వండి, లెక్కేసి రాసి తెస్తుంది" అని చెప్పి బయటికి తీసుకొచ్చేశాను. దారంతా నాకు నా ఇరవై రెండేళ్ళ వయసే గుర్తొస్తూ ఉంది.

నేనూ ఇలాగే అన్నాను. 2006లో డిగ్రీ అయిపోయిన కొత్తలో ఒక సంస్థ కోసం క్యాలెండర్‌కి పన్నెండు బొమ్మలు వేశాను, నెలకొకటి, బతుకమ్మ, బోనాలు, సంక్రాంతి, పీర్ల పండగ అన్నీ. రాత్రుళ్ళు కూర్చుని వేశాను. ఎంత అంటే మీ ఇష్టం సార్ అన్నాను. వాళ్ళ ఇష్టం మూడు వేలు అయింది. ఆ డబ్బు గురించి నాకు పెద్దగా బాధ లేదు, కానీ ఆ తర్వాత సంవత్సరాల్లో అవే బొమ్మలు డైరీల మీద, స్వీట్ల డబ్బాల మీద, ఒక ఫంక్షన్ హాల్ ఫ్లెక్స్ మీద కూడా కనిపించాయి. నా పేరు ఎక్కడా లేదు. అడగాలంటే నా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. అసలు అడిగే హక్కు నాకుందనే సంగతే తెలియదు.

అది తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో ఉండి చేసిన పని యజమానిది అవుతుంది. అదే మనం బయటి నుంచి, ఫ్రీలాన్స్‌గా వేసిన ఇలస్ట్రేషన్ అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కుదారు వేసినవాళ్ళే. ఫొటోలకీ, పెయింటింగ్‌లకీ, పోర్ట్రెయిట్లకీ మాత్రం లెక్క వేరు, వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి చేయించుకున్నవాళ్ళకే హక్కు వెళ్తుంది. ఇక హక్కు రాసివ్వాలంటే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకి అని, ఎక్కడి వరకో రాయకపోతే ఇండియా వరకు అని చట్టమే చెబుతుంది. ఇంతే, ఒక పీరియడ్‌లో చెప్పేయొచ్చు. రంగుల చక్రం గురించి నాలుగు నెలలు చెప్పే కాలేజీలో దీనికి గంట దొరకదా అని నాకు నిజంగా కోపం వస్తుంది.

రెండేళ్ళుగా ఆదివారాలు ఐదారుగురు పిల్లలు మా ఇంటికి వస్తున్నారు. ఒకే కాలేజీ వాళ్ళు కాదు. ఫాడీ అనే ప్రవేశ పరీక్ష రాసి ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ బీఎఫ్‌ఏలో చేరినవాళ్ళున్నారు, ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లలో యానిమేషన్ చేస్తున్నవాళ్ళున్నారు, ఇంటర్ అయ్యాక డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై ఇటు వచ్చిన నిజామాబాద్ అబ్బాయి ఒకడున్నాడు. చేతులు మాత్రం బంగారం, ఒక్కొక్కరి లైన్ చూస్తే నాకు ముచ్చటేస్తుంది. నేను వీళ్ళకి డ్రాయింగ్ నేర్పను. ఒక నిజమైన పని, నిజమైన మనిషి, నిజమైన గడువు, ఎంత తక్కువైనా నిజమైన డబ్బు, ఈ నాలుగూ డిగ్రీ చేతికి రాకముందే ఒక్కసారైనా చూపించాలన్నదే నా ఆరాటం.

ఈ లేబుళ్ళ పని అందుకే పట్టుకొచ్చాను. మొదటి డిజైన్ చూడ్డానికి ఎంత బాగుందంటే, మట్టి రంగు మీద చేత్తో గీసిన మామిడికాయ, చుట్టూ చేర్యాల పటాల్లో (తెలంగాణ జానపద చిత్రాలు) కనిపించేలాంటి ఎరుపుతో అంచు. తీరా దగ్గరికెళ్ళి చదివితే "పండుమిరప తొక్కు"లో క వత్తు విడిపోయి "తొక్‌కు" అని పడింది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో భారతీయ భాషల సెట్టింగ్ పెట్టుకోకుండా తెలుగు అతికిస్తే ఇదే జరుగుతుంది. నాలుగేళ్ళలో ఆ అమ్మాయి చేసిన ప్రాజెక్టులన్నీ ఇంగ్లీషులోనే, అందుకే ఆ అవసరమే రాలేదట. హైదరాబాద్‌లో చదివి, తెలుగు అక్షరంతో ఒక్కసారి కూడా కుస్తీ పట్టకుండా డిగ్రీ పూర్తవుతోందంటే నాకు దిగులేసింది. బయట డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్స్ నడుస్తున్నాయి, అక్కడి మేటర్ యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) మార్చకపోతే వెబ్‌లో అంతా గజిబిజి. ఇంకోపక్క గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సూరన్న, బాలూ తమ్ముడు లాంటివి ఉచితంగా ఉన్నాయి. ఏది సీసా మీద నాలుగడుగుల దూరం నుంచి చదవొస్తుంది, ఏది చిన్న సైజులో గుడీ కొమ్మూ కలిసిపోయి ముద్దయిపోతుంది, ఇది ప్రింట్ తీసి గోడకి అతికించి చూస్తే తప్ప తెలియదు. ఆ సాయంత్రమంతా మేం చేసింది అదే, మా హాల్ గోడ నిండా "తొక్కు" అనే మాట ఇరవై రకాలుగా.

ఇక ఇంకో సంగతి. లేబుల్ మీద పేరు, బొమ్మ ఉన్నాయి కానీ పదార్థాల పట్టిక లేదు, బరువు లేదు, ఎమ్మార్పీ లేదు, తయారీ తేదీ లేదు, శాకాహారం అని చెప్పే పచ్చ చుక్క లేదు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల లైసెన్స్ నంబర్‌కి చోటే వదల్లేదు. అవన్నీ పెట్టాక మామిడికాయ సగానికి చిన్నదయింది, ఆ అమ్మాయి ముఖమూ చిన్నదయింది. కానీ రెండో వారం తనే కొత్త లేఅవుట్ తెచ్చింది, అవసరమైన వివరాలన్నీ పక్కన ఒక పట్టీలోకి నెట్టి, మామిడికాయని సీసా వెనక్కి తిప్పింది. మొదటిదానికంటే ఎంతో బాగుంది. ఇబ్బందుల మధ్య పనిచేస్తేనే ఇలాంటివి తడతాయి, క్లాస్‌రూమ్ అసైన్‌మెంట్‌లో ఆ ఇబ్బందులే లేకుండా చేసేస్తున్నాం.

తర్వాత పిల్లల్ని ప్రెస్‌కి తీసుకెళ్ళాను. అక్కడి మేస్త్రి ఇరవై ఏళ్ళుగా ఆఫ్‌సెట్ మీద ఉన్న మనిషి. ఫైల్ తెరవగానే "అమ్మా, బ్లీడ్ లేదు, కటింగ్‌లో అంచు పోతది" అన్నాడు. బ్లీడ్ అంటే బొమ్మని కటింగ్ గీత దాటి చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనంగా పోనివ్వడం అని పుస్తకంలో చదివారు, బ్లేడు కింద కాగితం కట్ట ఎలా జరుగుతుందో అప్పుడే చూశారు. స్క్రీన్ మీద మెరిసిపోయిన ఎరుపు సీఎమ్‌వైకే (ప్రింటింగ్‌లో వాడే నాలుగు ఇంకులు) ప్రూఫ్‌లో ఇటుక రంగుకి దిగింది. అన్నిటికంటే మంచి మాట ఆయనే అన్నాడు, "ఇది ఆవకాయ సీసా గదా, నూనె కారితే ఈ కాగితం ఆగదు, లామినేషన్ చేయించుకోండి" అని. ఆ మాట మా ఎవరికీ తట్టలేదు, నాకు కూడా. కాలేజీలకి నా విన్నపం ఒకటే, నెలకొకసారి ఇలాంటి మేస్త్రిని పిలవండి, గెస్ట్ లెక్చర్ అని పేరు పెట్టి గౌరవంగా డబ్బిచ్చి పిలవండి.

పోర్ట్‌ఫోలియోల సంగతి, అంటే ఉద్యోగానికి చూపించే తమ పనుల ఫైళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. నా దగ్గరికి నలభై పేజీల పీడీఎఫ్‌లు వస్తాయి, లేని కాఫీ షాపుకి లోగో, లేని బూట్ల కంపెనీకి పోస్టర్, చివరి బొమ్మ తప్ప ముందు ఏం గీశారో, ఏది పక్కన పెట్టారో ఏమీ ఉండదు. మా స్టూడియోలోకి మనిషిని తీసుకునేటప్పుడు నేను వెతికేది ఆ పక్కన పెట్టినవే. ఆరు పనులు చాలు, ఒక్కోదానికి అడిగిందేమిటి, మొదట ఏం గీశావు, ఎందుకు మార్చావు, ఇవి మామూలు తెలుగులో రాసినా సరే. అందరికీ ఒకటే పోర్ట్‌ఫోలియో పంపడం కూడా మానాలి. ఈ ఊళ్ళో తలుపులు చాలా రకాలు, ఛోటా భీమ్ తయారయ్యేది ఇక్కడే, సినిమా గ్రాఫిక్స్ చేసే వీఎఫ్ఎక్స్ స్టూడియోలు ఇక్కడే, పోస్టర్లు చేసే పబ్లిసిటీ డిజైనర్లు ఇక్కడే, మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో యాప్‌ల స్క్రీన్లు చేసే ఉద్యోగాలు ఇంకో పక్క. వీఎఫ్ఎక్స్ వాళ్ళకి లోగోలు పంపితే ఏం లాభం? వాళ్ళకి షోరీల్ కావాలి, అంటే చేసిన షాట్లు కలిపిన చిన్న వీడియో, ఒక నిమిషం చాలు, మంచి షాట్ ముందు పెట్టాలి, గ్రూపులో చేసిన పనైతే అందులో నువ్వు చేసింది ఏ ముక్కో నిజాయితీగా రాయాలి. ఇంకొకరి పని తనదని పెట్టుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది.

ఏఐ తమ పని లాగేసుకుంటుందా అని పిల్లలు ప్రతి ఆదివారం అడుగుతారు, టెన్షన్ పడతారు, అది పడాల్సిన టెన్షనే. నేను వాళ్ళకి ఆ వరండానే గుర్తుచేస్తాను. నూనె కారే సీసా సంగతి, ఆవిడ కొనేవాళ్ళలో పెద్దవయసు వాళ్ళు ఎక్కువ కాబట్టి అక్షరాలు పెద్దగా ఉండాలన్న సంగతి ఆ ఇంటికి వెళ్ళి కూర్చున్నవాళ్ళకే తెలుస్తాయి.

నిజామాబాద్ అబ్బాయి వాళ్ళ నాన్న ఒకరోజు వచ్చారు. "మేడమ్, వీడు బొమ్మలేస్తే నెలకెంత వస్తది?" అని సూటిగా అడిగారు. ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది, కాలేజీలో ఎవరూ అడగని ప్రశ్న అది. నేను చిత్రకారుడు తోట వైకుంఠం గారి గురించి చెప్పాను, బూరుగుపల్లి నుంచి వచ్చి, ఇక్కడ ఫైన్ ఆర్ట్స్ చదివి, బరోడా వెళ్ళి, పెయింటింగ్ చేస్తూనే "దాసి" సినిమాకి కళా దర్శకత్వం చేసి జాతీయ అవార్డు కూడా తెచ్చుకున్నారని. అంత పేరు అందరికీ రాదు, అది కూడా చెప్పాను. నా మొదటి జీతం ఆరు వేలని, ఆ జీతంతో మూడేళ్ళు ఎలా గడిపానో దాచకుండా చెప్పాను. ఆయన చాలాసేపు కూర్చుని టీ తాగి, "లెక్కలు గూడ నేర్పుండ్రి మరి" అని వెళ్ళారు.

ఆ లెక్కలే ఇప్పుడు నేర్పుతున్నాను. ఎన్ని రోజుల పనో వేసుకో, రోజుకి నీ ఖర్చెంతో వేసుకో, ప్రయాణం, ప్రూఫులు, కరెంటు, ఫాంట్ లైసెన్స్ కలుపు. సగం అడ్వాన్స్. కరెక్షన్లు రెండు సార్లు, మూడోసారికి అదనం. సోర్స్ ఫైల్స్ (మళ్ళీ మార్చుకోవడానికి వీలైన అసలు ఫైళ్ళు) ఇస్తావా లేదా ముందే రాయి. బొమ్మ ఎక్కడెక్కడ, ఎన్నాళ్ళు వాడుకోవచ్చో రాయి. పోయినేడు ఒక కుర్రాడు అరవై వేల పని చేసి, యాభై నాలుగు వేలే వచ్చాయని, కంపెనీ ఆరు వేలు తినేసిందని ఏడ్చినంత పనిచేశాడు. అది పది శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను, నీ పాన్ మీదే జమవుతుంది, రిటర్న్ వేస్తే కట్టాల్సిన పన్ను పోగా మిగిలింది వెనక్కి వస్తుందని చెప్తే అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ గురించి కూడా చెప్పాను, డిజైన్ పని చేసేవాళ్ళూ సర్వీస్ కింద చేసుకోవచ్చు, ఫీజేమీ లేదు. 2006 ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టం ప్రకారం అలాంటి చిన్నవాళ్ళకి కొన్నవాళ్ళు ఎంత గడువు ఒప్పుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి, ఆలస్యమైతే వడ్డీ కూడా. ఇరవై రెండేళ్ళ పిల్లలకి ఈ ఒక్క విషయం తెలిస్తే ఫోన్ చేసి బతిమాలే గొంతే మారిపోతుంది.

ఆ అమ్మాయి వారం తర్వాత ఒక పేజీ కొటేషన్ రాసుకుని మళ్ళీ ఆ వరండాకి వెళ్ళింది. ఈసారి నేను గేటు దగ్గరే నిలబడ్డాను. పన్నెండు లేబుళ్ళకి పద్దెనిమిది వేలు, సగం ముందు. గొంతు వణికింది గానీ అంకె మాత్రం గట్టిగానే చెప్పింది. ఆవిడ కాగితం రెండుసార్లు చదువుకుని, "అంత ఇప్పుడు నావల్ల కాదమ్మా, ముందు ఆరు రకాలు చెయ్యి, మిగతావి ఆవకాయ సీజన్ డబ్బులు చేతికొచ్చాక చూద్దాం" అన్నారు. సరే ఆంటీ అని, అక్కడే ఫోన్ తీసి ఆరు లేబుళ్ళు, తొమ్మిది వేలు, అడ్వాన్స్ నాలుగున్నర వేలు అని టైప్ చేసి ఆవిడకి వాట్సాప్ పంపించింది, "చూసి ఓకే అని పెట్టండి" అంటూ.

ఇప్పుడు ఆ వరండా అలమరలో ఆరు సీసాలు కొత్త లేబుళ్ళతో ఉన్నాయి. పండుమిరప తొక్కులో క వత్తు దాని చోట అది ఉంది. గోంగూరకి మాత్రం ఇంకా పాత స్టిక్కరే.