ఒకే పాచికి రెండు పేర్లు పెట్టాను

పోయిన వానాకాలం నేను ఒకే మొక్కని రెండు జాతులుగా రాసి పెట్టాను. రెండు కాగితం పొట్లాలు, రెండు లేబుళ్ళు. ఒకటి అచ్చంపేట దాటాక ఉమామహేశ్వరం కొండ దారిలో ఎండ బాగా తగిలే చెట్టు మాను మీద దొరికింది, రెండోది మల్లెలతీర్థం దగ్గర తుంపర పడుతూ ఎప్పుడూ తడిగా ఉండే బండ మీద. మొదటి చోట మాను మీద కత్తి మొనతో మెల్లగా గీకుతుంటే గుడికి పోతున్న ఒక ముసలమ్మ ఆగి, "గా పాసితోని ఏం జేస్తవ్ బిడ్డా, మందుకా?" అని అడిగింది. పేరు కనుక్కోవడానికి అన్నాను. "పాసికి పేరేంది" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

పాచి అనే ఒక్క మాటలో మనం ఎన్నో మొక్కల్ని కలిపేస్తాం. అందులో ఒక గుంపు లివర్‌వర్ట్‌లు. ఇంటర్‌లో లివర్‌వర్ట్ అంటే రిక్సియా, మార్కాన్షియా చదివాం కదా, నేలకి పలకలా అతుక్కుని ఉండేవి. కానీ లివర్‌వర్ట్‌లలో ఎక్కువ జాతులు అలా ఉండవు, వాటికి సన్నటి కాండం, ఆకులు ఉంటాయి, దూరం నుంచి చూస్తే మామూలు నాచు మొక్కే అనుకుంటాం. లెన్స్ పెట్టి చూస్తే ఆకులు కాండానికి రెండు పక్కలా వరసగా ఉంటాయి, చాలా జాతుల్లో కింది వైపు చిన్న ఆకుల మూడో వరస కూడా ఉంటుంది, ఆకుకి నడిమి ఈనె ఉండదు, మందం ఒక్క కణమే.

నాకు దొరికింది ఫ్రులానియా. 1818లో జుసెప్పె రాడ్డి అనే ఇటలీ శాస్త్రవేత్త టస్కనీ మంత్రి ఫ్రుల్లానీ పేరు మీద ఈ ప్రజాతికి పేరు పెట్టాడు. దీని ఆకు రెండు తమ్మెలుగా ఉంటుంది, పెద్దది పైకి కనిపిస్తుంది, చిన్నది కిందికి మడుచుకుని అచ్చం హెల్మెట్‌లా బోలుగా ఉండి నీళ్ళు పట్టుకుంటుంది. మాను మీది పొట్లంలో అన్నీ ఇలాంటి హెల్మెట్లే. బండ మీది పొట్లంలో ఆ చిన్న తమ్మె మడుచుకోకుండా సన్నటి రేకులా విచ్చుకుని ఉంది. ఇంత తేడా ఉంటే వేరే జాతి కాక ఇంకేంటి అనుకుని రెండు పేర్లు రాసేశాను.

నెల తర్వాత రెండో పొట్లం మళ్ళీ తీసి, ఈసారి ఒక్క ఆకు కాకుండా ఒక కొమ్మ మొత్తం, అడుగు నుంచి చివరి దాకా, నీటి బొట్టులో పెట్టి చూశాను. ఎండి కాండానికి అతుక్కుపోయిన ఆకులు నీళ్ళు తగలగానే ఒక్కొక్కటే విడివడి బయటికి వాలి నిలబడ్డాయి. నాలుగైదు ఆకులకి రేకులున్నాయి, ఆ పైన రెండు ఆకులకి హెల్మెట్లు, మళ్ళీ రేకులు. అదే కాండం! నా కళ్ళని నేనే నమ్మక పక్క కొమ్మ తీశాను, అక్కడా అంతే.

పొడిగా ఉన్నప్పుడు అతుక్కుని, తడిస్తే ఇలా పక్కకి విరుచుకుని నిలబడే ఆకులు, కొద్దిగా మాత్రమే చీలిన గుండ్రటి అడుగాకులు (కింది వైపు మూడో వరస ఆకులు) చూస్తే ఇది ఫ్రులానియా ఎరికాయిడిస్ అని నా నిర్ణయం. 1833లో నీస్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని బ్రెజిల్ మొక్కల మీద వర్ణించాడు, ఉష్ణమండలమంతా ఉండే జాతి. ఇలా రూపం మార్చుకునేవి చాలా ఉన్నాయి. చలి దేశాల్లో పుచ్చిన దుంగల మీద పెరిగే లోఫోకోలియా హెటెరోఫిల్లాకి ఆ పేరే రకరకాల ఆకుల వల్ల వచ్చింది, ఒకే కొమ్మలో కింది ఆకులకి రెండు కోరలుంటాయి, పై ఆకులు దాదాపు నున్నగా ఉంటాయి. ఫ్రులానియాలో ఇప్పటిదాకా అచ్చయిన పేర్లు 2,000 దాటాయంటే, అందులో ఎన్ని నా రెండో లేబుల్ లాంటివో!

ఇంకో పొరపాటు కూడా చేశాను, అదే ఎక్కువ బాధ. లివర్‌వర్ట్ కణాల్లో నూనె బిందువులుంటాయి, వాటి సంఖ్య, ఆకారం జాతిని గుర్తుపట్టడానికి చాలా పనికొస్తాయి, కానీ మొక్క ఎండితే చాలా జాతుల్లో అవి చెదిరిపోతాయి. తెచ్చిన రోజే చూడాల్సింది, పరీక్షల డ్యూటీ టెన్షన్‌లో పొట్లాలు బీరువాలో పెట్టేశాను. తీసి చూసేసరికి కణాలు ఖాళీ.

ఇప్పుడు దొరికిన రోజు రాత్రే స్లయిడ్ పెడుతున్నాను. ఒక్కో గుంపు నుంచి మూడు నాలుగు కొమ్మలు, ముదురువీ లేతవీ, పూర్తిగా చూస్తున్నాను. పొట్లం మీద మానా బండా, ఎండా నీడా అన్నీ రాస్తున్నాను. నల్లమల వైపు మొక్కలు చూసే అలవాటున్న వాళ్ళెవరైనా ఉంటే ఫోటో తీసేటప్పుడు ఇవి కూడా రాసుకోండి, ఆకు కింది వైపు ఫోటో తప్పకుండా తీయండి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా గోరంత కూడా గీకొద్దు, మేమూ అనుమతి తీసుకునే వెళ్ళాం. ఆ రెండో లేబుల్ కొట్టేసి రెండు పొట్లాలూ ఒకే కవర్‌లో పెట్టాను.