గేర్‌బాక్స్ మార్చాక కూడా బండి స్లిప్ అవుతుంటే, మళ్ళీ దించనిచ్చే ముందు ఒకసారి ఇవి చూడండి

మే నెలలో మా బండి గేర్‌బాక్స్ పోయింది. 2007 సెడాన్, ఐదు గేర్ల ఆటోమేటిక్, 1,84,000 మైళ్ళు తిరిగింది, ఏ కంపెనీదో రాయట్లేదు ఎందుకంటే అన్ని మైళ్ళు మోసిన బండిని అనడానికి నాకు మనసు రాదు. ఇప్పుడు కొత్త బండి కొనే పరిస్థితి లేదు, అందుకని ఇక్కడ టెక్సస్‌లో ఇర్వింగ్ చుట్టుపక్కల నలుగురిని అడిగి, జంక్‌యార్డ్ నుంచి తెచ్చిన గేర్‌బాక్స్ వేయించాం. లేబర్‌తో కలిపి 2,300 డాలర్లు, 90 రోజుల వారంటీ.

బండి చేతికొచ్చిన రోజు బానే ఉంది. మూడో రోజు నుంచి మొదలైంది. చల్లగా ఉన్నప్పుడు ఏమీ లేదు, ఒక ఇరవై నిమిషాలు నడిచి వేడెక్కాక రెండు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు 2,200 దగ్గర ఉన్నది ఒక్కసారిగా 3,400కి లేచిపోతుంది, ఇంజన్ గీ అని అరుస్తుంది గానీ బండి ముందుకి లాగదు, న్యూట్రల్‌లో తేలుతున్నట్టు ఉంటుంది, ఒక సెకను తర్వాత ధడ్‌మని గేరు పడుతుంది. వెనక ట్రక్కు వస్తున్నప్పుడు ఆ ఒక్క సెకను ఎంత పొడుగ్గా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

వేసిన షాపుకే తీసుకెళ్ళా. ఆయన పది నిమిషాలు వీధి చుట్టూ తిప్పి, నాకేం కనపడలేదు, పాత గేర్‌బాక్స్ కదా కొంచెం అలాగే ఉంటుంది అన్నాడు. వేడెక్కాక వస్తుందయ్యా అంటే చల్లటి బండిని తిప్పి ఏం లేదంటే ఎలా. ఇంకో ట్రాన్స్‌మిషన్ షాపుకి వెళ్తే వాళ్ళు లోపల క్లచ్ ప్లేట్లు అయిపోయాయి, దించాలి, 3,100 అవుతుంది అన్నారు. పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ ఉండే పళ్ళెం) విప్పలేదు, ప్రెషర్ చూడలేదు, బండి కంప్యూటర్‌లో కోడ్‌లు చదివే స్కానర్ కూడా పెట్టలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజంగా చెప్తున్నా.

మా సమస్యకి తాళం చెవి దొరికింది మా ఆవిడ దగ్గర. శనివారం ఫ్రిస్కో హనుమాన్ గుడికి వెళ్ళి వస్తున్నాం, టోల్‌వే మీదకి ఎక్కే ర్యాంప్ గుండ్రంగా తిరుగుతుంది కదా, అక్కడ మళ్ళీ జారింది. "ఏవండీ, గమనించారా, ఇది తిప్పేటప్పుడే ఎక్కువ చేస్తోంది, తిన్నగా పోయేటప్పుడు ఇంతగా లేదు" అంది. నేను గమనించలేదు, నా కళ్ళు ముల్లు మీదే ఉన్నాయి. మర్నాడు తను పక్క సీట్లో పాప పాత నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంది, నేను గంటసేపు నడిపా. 14 సార్లు జారింది. అందులో 11 సార్లు మలుపులోనో, ర్యాంప్ మీదో, గట్టిగా బ్రేక్ కొట్టి మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడో.

ఇది ఎందుకంత ముఖ్యం అంటే, ఆటోమేటిక్‌లో ఆయిల్ ఉన్నది కేవలం అరగకుండా చూడటానికి కాదు, గేరు పట్టేదే ఆ ఆయిల్. పంపు కింద పాన్‌లోంచి ఆయిల్ లాగి ప్రెషర్ చేస్తే, ఆ ప్రెషర్‌తో పిస్టన్ క్లచ్ ప్లేట్లని నొక్కి పెడుతుంది. ఆయిల్ తక్కువుంటే బండి తిరిగినప్పుడు పాన్‌లో ఉన్నదంతా ఒక పక్కకి వెళ్ళిపోతుంది, పళ్ళెంలో నీళ్ళు పోసి వంచినట్టు, అప్పుడు పంపు నోటికి ఆయిల్ బదులు గాలి వస్తుంది. నొక్కితే గాలి కుంచించుకుపోతుంది, ఆయిల్ కుంచించుకుపోదు. ప్రెషర్ పడిపోతుంది, ప్లేట్లు జారతాయి, జారిన ప్రతిసారీ కొంచెం మాడతాయి. అంటే ఈ రోజు ఆయిల్ సమస్య ఇలాగే నడిపితే ఇంకో నెలకి నిజంగానే ప్లేట్ల సమస్య అయి కూర్చుంటుంది. ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి.

షాపులో రెండుసార్లు ఆయిల్ ఫుల్‌గా ఉంది అని చెప్పారు. అబద్ధం చెప్పారని నేను అనుకోను, చూసే పద్ధతి తప్పు. మా బండికి ఇంజన్ ఆన్‌లో ఉండగానే చూడాలి. సమతలంగా ఉన్నచోట ఆపి, బ్రేక్ తొక్కిపెట్టి గేరు లివర్ పీ (పార్క్) నుంచి కింది దాకా ఒక్కో దాంట్లో రెండు సెకన్లు ఆపుతూ తీసుకెళ్ళి మళ్ళీ పీలోకి తెచ్చి, ఆయిల్ 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండగా డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే గీతల పుల్ల) తీసి తుడిచి మళ్ళీ పెట్టి తీసి, హాట్ అన్న గీతల మధ్య చూడాలి. ఇంజన్ ఆపి చూస్తే టార్క్ కన్వర్టర్‌లో (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉన్న ఆయిల్ కొంత కిందకి దిగి లెవెల్ ఎక్కువ చూపిస్తుంది. అలాగని అన్ని బండ్లకీ ఇదే పద్ధతి అనుకోకండి, డిప్‌స్టిక్ ఉన్న చాలా హోండాలకి ఇంజన్ వేడెక్కాక ఆపేసి ఒక నిమిషం నుంచి నిమిషంన్నర లోపల చూడాలి, కొన్ని కొత్త బండ్లకి అసలు డిప్‌స్టిక్కే ఉండదు, బండి లేపి కింద చెక్ ప్లగ్ విప్పి చూడాలి, దానికీ ఉష్ణోగ్రత లెక్క ఉంటుంది. మీ బండి మాన్యువల్‌లో ఏది రాస్తే అదే.

నేను పాతిక డాలర్ల బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో ఆయిల్ వేడి 76 చూపించాక డిప్‌స్టిక్ తీశా. చివర మాత్రమే తడి. హాట్ గీత సంగతి దేవుడెరుగు, కింద ఉన్న కూల్ గీతకి కూడా అందలేదు. ఆ తడి మీద చిన్న చిన్న బుడగలు, అప్పుడే పొంగబోతున్న పాల మీద ఉంటాయే అలా. తెల్ల పేపర్ టవల్ మీద ఒక చుక్క వేసి కిటికీ దగ్గర పెట్టి చూశాం, ఎర్రగానే ఉంది, నల్ల రేణువులు లేవు, మాడిన వాసన లేదు. నాకు అప్పుడు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే ప్లేట్లు నిజంగా అయిపోయి ఉంటే ఆ చుక్క గోధుమ రంగులోనో నల్లగానో ఉండేది, ముక్కు దగ్గర పెడితే మాడిన వాసన కొట్టేది.

తర్వాత షాపు బిల్లు తీసి చూశా. ఆయిల్ 4 క్వార్టులు అని ఉంది, క్వార్టు అంటే లీటరుకి కొంచెం తక్కువ. అక్కడ అర్థమైంది. మా బండికి మామూలుగా డ్రెయిన్ ప్లగ్ విప్పి మార్చితే పట్టేది దాదాపు నాలుగే, కానీ గేర్‌బాక్స్ మొత్తం మారిస్తే కన్వర్టర్, ఆయిల్‌ని చల్లబరిచే కూలర్, పైపులు అన్నీ నిండాలి కాబట్టి ఎనిమిది దాకా పడుతుంది. జంక్‌యార్డ్ కన్వర్టర్‌లో కొంత పాత ఆయిల్ మిగిలి ఉంటుంది కాబట్టి బండి కదిలింది, లేకపోతే షాపు గేటు కూడా దాటేది కాదు.

మాన్యువల్‌లో చెప్పిన ఆయిలే కొన్నా. దీనిలో రాజీ పడొద్దు, టయోటా డబ్ల్యూఎస్ వేరు, హోండా డీడబ్ల్యూ1 వేరు, డెక్స్‌రాన్ 6 వేరు, ఎరుపు ఒకటే అయినా లోపల కలిపే మందులు వేరు. సన్న గరాటుతో డిప్‌స్టిక్ గొట్టంలోనే అర క్వార్టు పోసి, గేర్లన్నీ తిప్పి, చూసి, మళ్ళీ పోసి, చివర్లో పావు పావుగా, మొత్తం ఒకటిన్నర క్వార్టు పైన పట్టింది. ఎక్కువ పోసినా ప్రమాదమే, తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, అప్పుడూ ఇలాగే జారుతుంది.

ఆ సాయంత్రం అదే ర్యాంప్ మీద నాలుగుసార్లు ఎక్కాం. ఒక్కసారి కూడా జారలేదు.

కానీ పూర్తిగా పోలేదు. తిన్నటి రోడ్డు మీద రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంకా చిన్నగా 300, 400 ఆర్‌పీఎం లేస్తోంది. స్కానర్‌లో చెక్ ఇంజన్ లైటు వెలగకుండానే పీ0733 పెండింగ్‌లో ఉంది, అంటే మూడో గేరు రేషియో కుదరలేదని కంప్యూటర్ చెప్తోంది. అది చెరిపి రెండు రోజులు తిప్పినా మళ్ళీ వచ్చింది. ఇక్కడ నేను మూడు రోజులు చదువుతూ కూర్చున్నా, ఆఫీసు పని అయ్యాక రాత్రి ఒంటి గంట దాకా. విషయం ఏంటంటే గేర్‌బాక్స్ కంప్యూటర్ ప్రతి గేరుకీ ఎంత ప్రెషర్ ఇవ్వాలో, ఎంతసేపట్లో క్లచ్‌లో ఆయిల్ నింపాలో నడుపుతూ నేర్చుకుంటుంది. మా పాత గేర్‌బాక్స్ అరిగిపోయే కొద్దీ దానికి తగ్గట్టు లెక్కలు మార్చుకుంటూ వచ్చింది, ఇప్పుడు గేర్‌బాక్స్ మారింది గానీ బుర్ర పాతదే, పాత లెక్కలతోనే కొత్తదాన్ని తోలుతోంది. బ్యాటరీ వైరు తీసి పెడితే పోతుంది అంటారు, కొన్ని బండ్లకి పోతుంది, మాకు పోలేదు. సరైన స్కాన్ టూల్‌తో మెమరీ రీసెట్ చేయాలి. లూయిస్‌విల్ నుంచి ఒక మొబైల్ మెకానిక్ ఇంటికి వచ్చి డ్రైవ్‌వేలోనే చేశాడు, పావుగంట పని, 80 డాలర్లు. గేర్‌బాక్స్ మార్చిన రోజే చేయాల్సిన పని ఇది.

రీసెట్ చేశాక మొదటి రోజు గేర్లు గట్టిగా కొట్టాయి, భయపడొద్దని ఆయన ముందే చెప్పాడు. ఆదివారం పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద సిగ్నల్ నుంచి మెల్లగా, యాక్సిలరేటర్ కొంచెమే తొక్కుతూ పై గేరు దాకా పోనిచ్చి, బ్రేక్ సుతారంగా వేసి ఆపి, మళ్ళీ మొదటి నుంచి, అలా ఓ పాతిక సార్లు. పన్నెండో పదమూడోసారి నుంచే తేడా తెలిసింది, ముల్లు మెట్లు దిగినట్టు నెమ్మదిగా దిగుతోంది. పీ0733 మళ్ళీ రాలేదు.

ఇంకో మాట, హైవే మీద 60, 65లో ఆర్‌పీఎం 200, 300 ఊగుతుంటే అది గేరు క్లచ్ కాకపోవచ్చు, టార్క్ కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ కావచ్చు, అంటే స్పీడు మీద ఇంజన్‌ని గేర్‌బాక్స్‌కి నేరుగా బిగించేది. స్పీడు నిలకడగా ఉంచి, వెనక ఎవరూ లేనప్పుడు, బ్రేక్ పెడల్‌ని లైటు వెలిగేంత వరకే తాకితే లాకప్ వదిలేస్తుంది, అప్పుడు ఆ ఊగుడు ఆగిపోతే అనుమానం లాకప్ మీద పెట్టుకోవచ్చు. స్కానర్‌లో లాకప్ సరిగ్గా పట్టట్లేదని చెప్పే పీ0741 వస్తుంది తరచుగా. గేరు మారేటప్పుడు జారడం ఒకటి, మారాక ఊగడం ఇంకొకటి, షాపులో చెప్పేటప్పుడు ఈ తేడా స్పష్టంగా చెప్పండి, స్లిప్ అవుతోంది అని ఒక్క మాట అంటే వాళ్ళు దించాలనే అంటారు. ఆయిల్, రీసెట్ రెండూ అయ్యాక కూడా జారితే అప్పుడు గేజ్ పెట్టి లైన్ ప్రెషర్ (పంపు ఇచ్చే ఆయిల్ ప్రెషర్) కొలవమనండి, కొలవకుండా గేర్‌బాక్స్ దించడానికి ఒప్పుకోకండి. పాన్ విప్పితే ఫిల్టర్ సీల్ కూడా చూడమనండి, పాతది లోపలే ఉండిపోయి దాని మీద కొత్తది ఎక్కిస్తే సరిగ్గా కూర్చోక అక్కడి నుంచి గాలి లాగుతుంది.

మా కూలర్ సంగతి మిగిలింది. పాత గేర్‌బాక్స్ పోయినప్పుడు దాని ప్లేట్ల పొడి, ఇనుప రజను అన్నీ రేడియేటర్‌లో ఉన్న కూలర్‌లోకి వెళ్ళి ఉంటాయి, షాపులో దాన్ని ఫ్లష్ చేశారా అంటే సమాధానం సరిగ్గా రాలేదు. కూలర్ నుంచి తిరిగొచ్చే పైపులో 20 డాలర్ల ఇన్‌లైన్ ఫిల్టర్ పెట్టించా. మొన్న 600 మైళ్ళకి విప్పి కోసి చూస్తే లోపల అయస్కాంతం చుట్టూ సన్నటి నల్ల పొడి, కాటుకలా, వేలికి అంటింది. రజను ముక్కలు మాత్రం లేవు. కొత్త ఫిల్టర్ వేశా, 1,000 మైళ్ళకి మళ్ళీ విప్పుతా. ఆయిల్ కూడా అప్పుడే ఒకసారి డ్రెయిన్ చేసి నింపాలి. డిప్‌స్టిక్ ప్రతి ఆదివారం చూస్తున్నాం, ఇప్పటి దాకా హాట్ పై గీత దగ్గరే ఉంది, బుడగలు లేవు.