బొప్పాయి జన్యువుల లెక్క

మొక్కల పెరుగుదలను నడిపే ఆక్సిన్ హార్మోనుకు స్పందించే జన్యు కుటుంబాలను బొప్పాయిలో వెతుకుతూ, బెంగళూరులోని మా ప్రయోగశాలలో కొన్ని నెలలు గడిపాను. ఈ పంట జన్యుక్రమం 2008లోనే వెలువడింది (వైరస్ తెగులును తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన 'సన్‌అప్' రకానిది అది). కనుక పరిశోధకులు ఎక్కువగా వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌లోని 29 ఆక్స్/ఐఏఏ ప్రోటీన్లను (ఆక్సిన్‌కు స్పందించే జన్యువులను అణచి ఉంచేవి ఇవి) నమూనాగా పెట్టి గాలిస్తే, జాబితా దానంతట అదే చేతికి వస్తుందని అనుకున్నాను.

జాబితా వచ్చింది, కానీ ఉండవలసిన దానికంటే చాలా పెద్దదిగా వచ్చింది. కారణం తెలిశాక నా తొందరపాటుకు నాకే నవ్వు వచ్చింది. ఆక్స్/ఐఏఏ ప్రోటీన్ల చివర ఉండే భాగం వంటిదే ఆ జన్యువుల పనిని నియంత్రించే అనేక ఏఆర్ఎఫ్ ప్రోటీన్లలోనూ ఉంటుంది; ఆ రెండు కుటుంబాలూ ఒకదానినొకటి పట్టుకునేది ఆ భాగంతోనే. డీఎన్ఏకు అతుక్కునే బీ3 భాగం ఉన్నవాటిని (అవి ఏఆర్ఎఫ్‌లు) ఏరి పక్కన పెట్టి, మిగిలిన ఒక్కొక్కదానిలో, ఆక్సిన్ చేరినప్పుడు ఆ ప్రోటీన్ విచ్ఛిన్నం కావడానికి కీలకమైన అమైనో ఆమ్లాల చిన్న వరుస ఉన్నదో లేదో కంటితోనే సరిచూశాను. ఒకచోట పక్కపక్కనే ఉన్న రెండు జన్యువులను సాఫ్ట్‌వేర్ ఒకటిగా కలిపేసింది; దానిని విడదీయడానికే వారం పట్టింది.

అనంతపురం జిల్లాలో బొప్పాయి తోట సాగుచేసే మా నాన్నగారు, "ఇంతకీ ఎన్ని తేలాయమ్మా?" అని ఫోనులో అడిగినప్పుడల్లా నేను వేరే అంకె చెప్పవలసి వచ్చేది. చివరకు తేలిన సంఖ్య అరబిడాప్సిస్‌లో కంటే తక్కువే. అరబిడాప్సిస్ పూర్వీకులలో జన్యుసముదాయం మొత్తం మరి రెండుసార్లు రెట్టింపు కాగా, బొప్పాయి వంశంలో ఆ ఇటీవలి రెట్టింపులు జరగలేదు.