బ్రిడ్జ్ పికప్ కొనేముందు చూడవలసింది నెక్ పికప్‌ను

నా జాజ్ బేస్ గిటారులో తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు రెండున్నాయి: మెడ వైపుది నెక్ పికప్, తీగలు బిగించే చివర వైపుది బ్రిడ్జ్ పికప్. ఆ బ్రిడ్జ్ పికప్ మూగబోయింది. మల్టీమీటరు పెట్టి చూస్తే కాయిల్ (అయస్కాంతాల చుట్టూ చుట్టిన సన్నని తీగ) లోపల ఎక్కడో తెగిందని తేలింది. 42 గేజి రాగి తీగ మందం మిల్లీమీటరులో సుమారు పదహారో వంతే కాబట్టి, తెగిన చోటు వెతికి అతికించే ఆశ వదులుకుని కొత్తది కొనాలని నిశ్చయించుకున్నాను.

జతగా కొనేవారికి పెద్ద చిక్కు లేదు. ఒక్కటే మార్చేవారు మాత్రం అమ్మకందారులు రాసే ‘వెచ్చని స్వరం’, ‘వింటేజ్ నాదం’ వంటి వర్ణనలను పక్కనపెట్టి, మిగిలి ఉన్న నెక్ పికప్ ఎటువంటిదో ముందు తెలుసుకోవాలి. ఒకే కాయిల్ ఉండే సింగిల్ కాయిల్ పికప్ ఏదైనా ఇంటి కరెంటులోని 50 హెర్ట్జ్ గుయ్‌మనే రొదను యాంటెనాలా పట్టుకుంటుంది. జాజ్ బేస్‌లో సాధారణంగా ఒక పికప్‌కు చుట్టు దిశ, అయస్కాంత ధ్రువం రెండూ రెండో దానికి వ్యతిరేకంగా ఉంటాయి. అందువల్ల రెండు వాల్యూములూ పూర్తిగా తెరిచినప్పుడు రొదలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, తీగల ధ్వని మాత్రం కలిసి బలపడుతుంది.

కాయిల్‌ను వ్యతిరేక దిశల్లో చుట్టిన రెండు భాగాలుగా చేసి, రొద ఉండదనే పేరు తెచ్చుకున్న స్ప్లిట్ కాయిల్ రకాన్ని బ్రిడ్జ్ దగ్గర ఒక్కచోటే బిగిస్తే ఏమవుతుందో చాలామంది ఆలోచించరు. దానికి సొంత రొద లేదు కనుక నెక్ పికప్ రొదను రద్దు చేసేది కూడా ఏదీ ఉండదు. రెండూ తెరిచి వాయించేటప్పుడు పూర్వం లేని రొద కొత్తగా వినిపిస్తుంది. ప్రసిద్ధ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ తరహాలో బ్రిడ్జ్ పికప్ మీదే ఎక్కువగా వాయించేవారికి అది మంచి ఎంపికే. నేను రెండూ కలిపి వాయించేవాణ్ణి గనుక అల్నికో 5 (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) అయస్కాంతాల సాదా సింగిల్ కాయిల్ వైపే మొగ్గాను.

ధ్రువం సరిచూడడానికి చెడిపోయిన పికప్పే పనికొచ్చింది. కాయిల్ తెగినా అయస్కాంతం చావదు. పాతదాన్నీ కొత్తదాన్నీ పైముఖాలు ఎదురెదురుగా పెట్టి దగ్గరికి తెస్తే, రెండూ ఒకదాన్నొకటి తోసుకోవాలి. అతుక్కుంటే ఆ పికప్ ఈ గిటారుకు పనికిరాదు.

పొడవు కూడా కొలవాలి. జాజ్ బేస్‌లో బ్రిడ్జ్ పికప్ నెక్ దానికంటే సుమారు 3 మిల్లీమీటర్లు పొడవు. కొన్ని చవక మోడళ్లలో రెండూ సమానంగానే ఉంటాయి. ఇక 7, 8 కిలో ఓముల నిరోధాన్ని చూసి శబ్దం ఎంత గట్టిగా ఉంటుందో తేల్చేయడం నాకు నచ్చని అలవాటు, ఎందుకంటే కాయిల్ తీగ మందం, అయస్కాంతం మారితే ఆ అంకెకు అర్థమే మారుతుంది. 1970లలో జాజ్ బేస్ తయారీ సంస్థ ఫెండర్ బ్రిడ్జ్ పికప్‌ను బ్రిడ్జ్ వైపు సుమారు ఒక సెంటీమీటరు జరిపింది. ఆ కాలపు పదునైన ధ్వనిలో కొంత భాగం ఆ స్థానానిదే కాబట్టి, ‘70ల నాదం’ అని రాసి ఉన్న పికప్ ఏదీ చెక్కలోని గుంతను జరపలేదు.

సోల్డరింగ్ అయ్యాక రెండు వాల్యూములూ పూర్తిగా తెరిచి అన్నిటికంటే లావైన ఇ తీగను మీటి చూడాలి. మంద్రం పోయి ధ్వని పలచబడితే కొత్త పికప్ నుంచి వచ్చే వైర్లు రెండింటినీ తారుమారు చేసి అతికిస్తే చాలు. ధ్రువం సరిగ్గా ఎంచుకుని ఉంటే దాంతోపాటే రొద కూడా పోతుంది.