యుద్ధం మధ్యలో ఆదిత్యహృదయం

ఆదిత్యహృదయం చదివేటప్పుడు చాలామంది మొదటి శ్లోకం గబగబా దాటేస్తారు, అసలు స్తోత్రం తర్వాత కదా అని. డయాలిసిస్ మొదలైన దగ్గర్నుంచి నా మనసు మాత్రం అక్కడే ఆగిపోతోంది. "తతో యుద్ధపరిశ్రాంతం సమరే చింతయా స్థితమ్". రాముడు పోరాడి పోరాడి అలిసిపోయి, ఏం చెయ్యాలా అని నిలబడిపోయాడు, ఎదురుగా రావణుడు మళ్లీ సిద్ధం. అప్పుడొచ్చిన అగస్త్యుడు రావణుణ్ణి చంపెయ్యలేదు, యుద్ధం ఆపించలేదు. సూర్యుణ్ణి స్తుతించు, మూడుసార్లు జపించు అని చెప్పి వెళ్లిపోయాడు. అది విన్నాక రాముడి శోకం పోయిందంటాడు వాల్మీకి. రావణుడు మాత్రం ఎక్కడున్నవాడు అక్కడే ఉన్నాడు. రాముడు ఆచమనం చేసి విల్లు అందుకున్నాడు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకునేవాళ్లకి ఇది వేరే చెప్పాలా.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఎటెళ్లినా కిడ్నీ జబ్బు మాటే. ఇదీ కారణమని ఇంతవరకూ తేలలేదు, 2023లో పలాసలో ఆస్పత్రీ పరిశోధన కేంద్రమూ అయితే వచ్చాయి. అయినా పలకరించడానికొచ్చినవాళ్లలో ఒక్కరైనా "ఏ జన్మలో ఏటి చేసుకున్నావో బావూ" అనకుండా పోరు. పాపులందరూ ఏరికోరి ఈ జీడితోటల్లోనే పుట్టారా? ఇంకొందరు "ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్", అంటే ఆరోగ్యం సూర్యుణ్ణే అడగాలి అని, అరసవల్లి సూర్యదేవుడి గుడిలో మొక్కుకోమంటారు. మొక్కుకున్నాను, తప్పేం లేదు. కానీ తగ్గకపోయేసరికి భక్తిలోనే లోపం ఉన్నట్టు చూస్తారు చూడండి, అది జబ్బుకన్నా ఎక్కువ బాధ. మార్చిలో, అక్టోబరులో కిరణాలు స్వామి పాదాలమీద పడే రోజున కూడా మబ్బు అడ్డొస్తే కనబడవు, మరి అక్కడ ఎవరి భక్తి తక్కువైందంటారు?

పొద్దున్న లేవగానే ఎడమచేతి ఫిస్ట్యులా మీద, అంటే డయాలిసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోట, వేళ్లు పెట్టి చూసుకుంటాను. లోపల రక్తం జివ్వుమని పోతున్నట్టు వేళ్లకి తెలియాలి, తెలియకపోతే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. అది తగిలాకే తూర్పుకి తిరిగి దణ్ణం. జబ్బు తీసెయ్యమని అడగడం ఎప్పుడు మానేశానో గుర్తులేదు. ఇవాళ సూది సరిగ్గా పడాలి, మధ్యలో బీపీ పడిపోకూడదు, ఇంట్లోవాళ్లమీద విసుక్కోకూడదు, అంతే నా కోరికల చిట్టా.

ఇక నియమాలు. మా వైపు కొబ్బరిచెట్టు లేని పెరడుండదు, స్వామికి కాయ కొట్టాక ఆ నీళ్లు మాత్రం నేను నోట పెట్టకూడదు, పొటాషియం ఎక్కువ. తీర్థం ఉద్ధరిణెడే, దాన్నీ ఆ రోజు తాగే నీళ్ల లెక్కలో కలిపేస్తాను. స్వామికి ఈ లెక్కలు తెలియవా ఏంటి.

రథసప్తమికి జిల్లేడాకులు, రేగుపండు నెత్తిన పెట్టుకుని స్నానం చెయ్యడం ఆనవాయితీ. డయాలిసిస్ కోసం మెడలో గొట్టం ఉన్నవాళ్లు మాత్రం తలస్నానం జోలికి పోకండి, అక్కడ తడి చేరితే ఇన్ఫెక్షన్. ఆకు నెత్తికి తాకించి పక్కన పెడితే చాలు. ఆ రోజే డయాలిసిస్ పడిందని మానేసి అరసవల్లి క్యూలో నిలబడాలనుకునేవాళ్లుంటే, దయచేసి ఆ పని చెయ్యొద్దు. మర్నాడు వెళ్లండి, స్వామి ఎక్కడికీ పోడు. సూదులున్న చెయ్యి కదపకూడదు కాబట్టి పుస్తకం పేజీలు తిప్పడం కష్టం, ఫోన్‌లో పెట్టుకుని ఇయర్‌ఫోన్స్ తగిలించుకోండి. అగస్త్యుడు చెప్పినట్టు మూడుసార్లు విన్నా ఇంకా మూడు గంటలకి పైనే మిగులుతుంది.