మర్రిగూడ దారిలో కుళాయి బకెట్

ఇబ్రహీంపట్నం దాటి మాల్ అనే ఊరి వైపు బస్సు సాగుతుంటే రెండు పక్కలా బండరాళ్ళ గుట్టలు, నడుమ బత్తాయి తోటలు. చూడముచ్చటైన ఈ రాతిలోంచే ఫ్లోరైడ్ నీళ్ళలోకి కరిగి తరతరాలుగా నల్లగొండ పల్లెల ఎముకలను వంచింది.

మర్రిగూడకు నేను బయలుదేరింది ఒక వాదన వల్ల. 2025 జూలైలో అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేసినప్పటి నుంచి నాకూ మిత్రులకూ పడటం లేదు. ఎవరి పాట్లు వాళ్ళే పడాలని వాళ్ళంటారు. ఎయిడ్స్ మందులు ఆగిపోయిన ఆఫ్రికా తల్లి ఎదుట నిలబడి ఆ మాట అనగలరా అని నేనంటాను. పరాయి దేశాల డబ్బు మనకు మాత్రం రాలేదా? 1999 తర్వాత బ్రిటన్ సాయంతో నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా ఐదు కరవు జిల్లాల్లో గ్రామీణ జీవనోపాధుల పథకం నడిచింది. నెదర్లాండ్స్ డబ్బుతో చిన్న రైతులకు ఉమ్మడి బోర్లు పడ్డాయి.

మర్రిగూడ దగ్గరి ఒక పల్లెలో దిగాను. వేపచెట్టు కింద మంచం మీద ఒక పెద్దాయన. నేను పక్కనుంచి పలకరిస్తే మెడ తిరగలేదు. చేతులు మంచం పట్టీ మీద ఆనించి, నడుము నుంచి మొత్తం ఒళ్ళంతా నా వైపు తిప్పి, అప్పుడు "ఎవరు బిడ్డా?" అన్నాడు. చూసి చాలాసేపు నాకు మాట రాలేదు.

ఆయన భార్య లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ బకెట్ తెచ్చి చూపించింది. కింద చిన్న కుళాయి. ఇప్పుడు అందులో కందులు పోసుకుంది.

"ఎవరో సంస్థవాళ్ళు ఇచ్చారు. నీళ్ళు పోసి పటిక, సున్నం వేసి కలిపి, గంటసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగేది."

"ఎందుకు మానేశారు పెద్దమ్మా?"

"పటిక కొలత తప్పితే నోరంతా వగరు. ఆ మడ్డి ఎక్కడ పారబోయాలో తెలియదు. అడుగుదామంటే ఇచ్చినవాళ్ళు మళ్ళీ రాలేదు."

ఆ బకెట్‌లో జరిగే పనికి పుస్తకాల్లో 'నల్లగొండ పద్ధతి' అని పేరు. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించారు. దాతల సాయంతో అది ఇథియోపియా, టాంజానియాలదాకా వెళ్ళింది. ఆ దేశాల గుండా సాగే రిఫ్ట్ లోయలోనూ ఇదే ఫ్లోరైడ్. అక్కడా రోజూ కొలతలు వేయడం, మడ్డి పారబోయడమే పెద్ద చిక్కయింది.

కుళాయి తిప్పి చూస్తూ కూర్చుంటే నాకు బంగ్లాదేశ్ గుర్తుకొచ్చింది. చెరువు నీళ్ళు తాగి పిల్లలు చనిపోతున్నారని 1970ల నుంచి యూనిసెఫ్ తోడ్పాటుతో అక్కడ ఊరూరా గొట్టపు బావులు వేశారు. మంచి మనసుతోనే వేశారు. ఆ నీళ్ళలో ఆర్సెనిక్ అనే విషం ఉందని 1993లో బయటపడింది. అంతకుముందు ఏడాది నీటిని పరీక్షించిన బ్రిటిష్ సంస్థ ఆర్సెనిక్ కోసం చూడనే లేదు. బాధితులు లండన్ కోర్టుకెక్కారు. ఆ సంస్థకు వారి పట్ల బాధ్యత లేదని 2006లో బ్రిటన్ అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ తేల్చేసింది. హైతీలో ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం నుంచి 2010లో కలరా నదిలోకి పాకి వేలమంది పోయారు. అక్కడి బాధితులకూ కోర్టు తలుపులు తెరుచుకోలేదు.

అందుకని సాయమే వద్దంటే నేను ఒప్పుకోను. ధనిక దేశాలు ఇవ్వాలి, ఇప్పటికంటే ఎక్కువ ఇవ్వాలి. తమ సొమ్ము వల్ల చెడు జరిగితే, నష్టపోయినవాళ్ళు తమను నిలదీసే చోటు కూడా రాసిచ్చి మరీ ఇవ్వాలి. ఆ చోటు లేకుండా సైన్యంతో దిగినా, డబ్బు సంచితో దిగినా పెత్తనమే అవుతుంది.

ఇదంతా పెద్దాయనకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"మరి వాళ్ళకు ఓటు లేదా?"

"వాళ్ళ దేశంలో ఉంది పెద్దయ్యా. లండన్‌లో లేదు కదా."

ఆయన మొహం వెలిగింది. 1996 లోక్‌సభ ఎన్నికల సంగతి ఎత్తుకున్నాడు. నీళ్ళివ్వని ప్రభుత్వాల మీద కోపంతో నల్లగొండలో జనం నామినేషన్ల మీద నామినేషన్లు వేశారు. 480 మంది బరిలో నిలిచారు.

"బ్యాలెట్ కాగితం కాదు బిడ్డా, పుస్తకం ఇచ్చారు! పేజీలు తిప్పలేక తిప్పలేక ఓటేశాను. ఢిల్లీదాకా మా పేరు వినపడింది."

ఆ తర్వాత కూడా ఇరవై ఏళ్ళు పట్టింది. 2016లో మొదలైన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్ళు ఇళ్ళకు చేరడం మొదలైంది. కృష్ణ ఈ జిల్లా అంచునే పారుతుంది, నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1955లో. ఆ ఆలస్యం తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

తిరుగు బస్సుకు వేళైంది. మంచినీళ్ళు అడిగితే పెద్దమ్మ బిందె వంచి ఇచ్చింది. రెండు రోజులుగా నల్లా రావడం లేదట. ఆ మాట వినగానే పెద్దాయన కర్ర అందుకుని లేచాడు.

"ఎక్కడికి పెద్దయ్యా?"

"సర్పంచ్ ఇంటికి. నాలుగిళ్ళ అవతలే."

వంగిన నడుముతో, కర్ర ఠంగుఠంగుమనిపిస్తూ వీధి మలుపు తిరిగాడు. నేను బస్సెక్కేలోపే ఆయన గొంతు గట్టిగా వినిపించింది.