అమెరికాలోని మెంఫిస్‌లో రిబ్స్ (పంది పక్కటెముకల మాంసం) తినబోతుంటే

మెనూలో ధర కంటే ముందు ఏ ముక్కో చూడండి. బేబీ బ్యాక్ అంటే పంది వెన్ను పక్కన ఉండే పొట్టి ఎముకలు. లేతగా ఉంటాయి, కొవ్వు తక్కువ. స్పేర్ రిబ్స్ పొట్ట వైపువి. పెద్దవి, కొవ్వెక్కువ, నా లెక్కలో రుచీ ఎక్కువే. ఒకరికి సగం స్లాబు, అంటే ఆరు ఎముకలు, హాయిగా సరిపోతుంది.

తర్వాత డ్రైయా, వెట్టా అని అడుగుతారు. డ్రై అంటే పాప్రికా, వెల్లుల్లి పొడి, మిరియాలు కలిపిన మసాలా పట్టించినది. వెట్ అంటే టమాటా, వెనిగర్, తీపి కలిసిన సాస్ పూసినది. మొదటిసారైతే డ్రై తీసుకుని సాస్ పక్కన పెట్టమనండి. సాస్ కింద పొగ రుచి తెలియదు. 1948లో మొదలైన రాండెవూ అనే రెస్టారెంట్‌లో రిబ్స్‌ని బొగ్గుల మీదే కాలుస్తారు. కట్టెల పొగ పద్ధతిలోనైతే 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర 5, 6 గంటలు పడుతుంది.

ముట్టుకోగానే మాంసం ఎముక నుంచి జారిపోతే గొప్ప అనుకుంటారు. కాదు, అతిగా ఉడికిందన్నమాట. కొరికినంత మేరే ఊడి, పంటి గాటు నిలవాలి. ఎముకల వెనక ఉండే పొర తీయకపోతే రబ్బరులా సాగుతుంది. అంచున కనిపించే గులాబీ రంగు పచ్చిదనం కాదు, పొగ వల్ల వచ్చేది.

శాకాహారులు వెంట ఉంటే బీన్స్, కొలార్డ్ ఆకుకూర గురించి తప్పకుండా అడగండి. వాటిలో తరచుగా పంది మాంసం వేసి ఉడికిస్తారు.